పసుపు అట్టల భయం, సీసపు ఏళ్ల కోపం: 1970ల ఇటాలియన్ క్రైమ్ సినిమాలు ఇంకా ఎందుకు లాగుతున్నాయి

సినిమా పిచ్చి ఉన్నవాళ్ల మధ్య పాత ఇటాలియన్ క్రైమ్ థ్రిల్లర్ల ప్రస్తావన వస్తే వాదన మొదలవుతుంది. ఒకరు "అలాంటి సినిమాలు మళ్లీ రావు" అంటారు. ఇంకొకరు "అంత రక్తపాతంలో చూసేదేముంది?" అంటారు. కాసేపు విన్నాక తెలుస్తుంది, ఇద్దరూ వేరువేరు సినిమాల గురించి మాట్లాడుతున్నారని. ఒకరి మనసులో ఉన్నది నల్లతోలు గ్లౌజులు తొడుక్కున్న, ముఖం కనబడని హంతకుడు. ఇంకొకరి మనసులో ఉన్నది మిలాన్ వీధుల్లో దొంగల కారును తరిమే మీసాల పోలీసు అధికారి.

యాభై ఏళ్లు దాటిన ఈ సినిమాలు ఇప్పుడు శుభ్రం చేసిన ప్రింట్లతో బ్లూ-రేల మీద మళ్లీ వస్తున్నాయి. కొత్తగా చూసేవాళ్లకు అన్నీ ఒకే కుప్పలా కనిపిస్తాయి. "ఇది మర్డర్ మిస్టరీయా, పోలీసు సినిమానా, రాజకీయ సినిమానా?" అన్న అయోమయం సహజం. వాటిలోని హింసను ఎలా తీసుకోవాలన్నది ఇంకా పెద్ద చిక్కు. ఈ ముడి విప్పాలంటే సినిమాల దగ్గరే ఆగితే కుదరదు, ఆ ఏళ్లలో ఇటలీ ఎలా ఉందో చూడాలి. నా మటుకు నాకు ఈ సినిమాల లాగుడంతా అక్కడే ఉంది.

## ఒకే మాట కింద రెండు రకాలు

మొదటి రకం పేరు జాల్లో. ఇటాలియన్‌లో జాల్లో అంటే పసుపు రంగు. 1929లో మొందాదోరీ అనే ప్రచురణ సంస్థ చవక ధరకు క్రైమ్ నవలల వరుస ఒకటి మొదలుపెట్టింది. అన్నిటికీ పసుపు అట్టలే. కొన్నాళ్లకు జనం ఏ డిటెక్టివ్ కథనైనా 'జాల్లో' అనడం మొదలుపెట్టారు. ఇటలీలో ఈ రోజుకీ జాల్లో అంటే ఏ దేశపు మర్డర్ మిస్టరీ అయినా కావచ్చు. బయటి దేశాల అభిమానులు మాత్రం ఆ మాటను ఒక రకం ఇటాలియన్ సినిమాకే వాడతారు: ఎవరో తెలియని హంతకుడు, వరుస హత్యలు, కళ్లు చెదిరే రంగులు, చివరి నిమిషంలో బయటపడే రహస్యం. మారియో బావా 1963, 1964ల్లో తీసిన రెండు సినిమాలు దీనికి దారి వేశాయి. 1970లో దారియో అర్జెంతో తన మొదటి సినిమాతో దాన్ని ఊరూరా తీసుకెళ్లాడు.

రెండో రకం పొలిత్సియొత్తెస్కో. పొలిత్సియొత్తో అంటే పోలీసువాడు. దాని చివర 'ఎస్కో' తగిలించి ఈ పేరు పెట్టింది విమర్శకులు, అదీ చులకనగా. మన దగ్గర కొందరు పెదవి విరుస్తూ "మాస్ మసాలా" అన్నట్టు. ఇలాంటి సినిమాలకు అప్పటికే 'పొలిత్సియెస్కో' అనే మర్యాదైన పేరు ఉంది. కానీ తిట్టుగా పుట్టిన పేరే నిలిచిపోయింది. ఇప్పుడు అభిమానులు దాన్నే ఇష్టంగా వాడతారు.

తేడా ఒక్క మాటలో చెప్పాలంటే, జాల్లోలో భయం గదిలో ఉంటుంది, పోలీసు సినిమాలో భయం వీధిలో ఉంటుంది. జాల్లోలో పోలీసులు ఉన్నా పెద్దగా పనికిరారు. నిజాన్ని పట్టుకునేది మామూలు మనిషి, చాలాసార్లు ఊరికి కొత్తవాడు. పోలీసు సినిమాలో హంతకుడెవరో మనకు ముందే తెలుసు. వాణ్ణి పట్టుకున్నా ఏమీ జరగదేమోనన్నదే అక్కడి టెన్షన్.

ఈ గీత దాటిన సినిమాలూ ఉన్నాయి. మాస్సిమో దల్లామానో 1974లో తీసిన 'లా పొలిత్సియా కియెదె అయూతో' (పోలీసులు సాయం అడుగుతున్నారు) ఒక బడిపిల్ల చావుతో జాల్లోలా మొదలవుతుంది. హెల్మెట్ పెట్టుకుని మోటారుసైకిల్ మీద తిరిగే హంతకుడూ ఉంటాడు. కానీ కథ లోపలికి వెళ్లేకొద్దీ పలుకుబడి ఉన్న పెద్దమనుషుల వ్యవహారంగా, పోలీసు సినిమాగా మారిపోతుంది.

## జాల్లో ఎలా పనిచేస్తుంది: చూసిందే సరిగ్గా చూడలేదేమో

అర్జెంతో మొదటి సినిమానే ఉదాహరణగా తీసుకుందాం. పేరు 'లుచ్చెల్లో దల్లె ప్యూమె ది క్రిస్తాల్లో', అంటే గాజు ఈకల పక్షి. రోమ్‌లో ఉంటున్న ఒక అమెరికన్ రచయిత రాత్రిపూట నడిచి వెళ్తూ ఒక ఆర్ట్ గ్యాలరీలో గొడవ చూస్తాడు. లోపల నల్లకోటు, ఒక ఆడమనిషి, కత్తి. కాపాడదామని పరుగెత్తుతాడు. గ్యాలరీకి ముందొక గాజు తలుపు, దాని వెనక ఇంకో గాజు తలుపు. రెండిటి మధ్య ఇరుక్కుపోతాడు. లోపలికి పోలేడు, బయటికి రాలేడు. గాయపడ్డ మనిషి కళ్లముందే నేల మీద పాకుతుంటే చూస్తూ నిలబడిపోతాడు.

సినిమా హాల్లో కూర్చున్న మన పరిస్థితీ అదే. అన్నీ కనిపిస్తాయి, చేయగలిగిందేమీ లేదు. ఆ తర్వాత సినిమా అంతా అతన్ని ఒకే ప్రశ్న తొలుస్తుంటుంది: ఆ రాత్రి తాను చూసినదాంట్లో ఏదో పొసగలేదు, ఏమిటది? జవాబు మొదటి సన్నివేశంలోనే మనకూ చూపించేశారు. మనమూ పట్టుకోలేదు. జాల్లోను ప్రేమించేవాళ్లు దాని రక్తాన్ని ప్రేమిస్తున్నారనుకుంటే పొరపాటు. కంటికీ బుర్రకూ మధ్య జరిగే ఈ మోసమే వాళ్లను మళ్లీ మళ్లీ లాగేది.

దానికి తోడు అందం. ఈ సినిమాకు కెమెరా పట్టింది విత్తోరియో స్తొరారో, సంగీతం ఎన్నియో మొర్రికోనె. ప్రపంచం తలకెత్తుకున్న ఇద్దరు, ఒక కొత్త దర్శకుడి హత్యల కథకు పనిచేశారు. అర్జెంతో సినిమాల్లో గ్లౌజులు తొడుక్కున్న హంతకుడి చేతులు చాలాసార్లు అర్జెంతోవే.

## పోలీసు సినిమాల వెనక ఉన్న దేశం

ఇక రెండో రకం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే ఆ ఏళ్ల ఇటలీ తెలియకపోతే ఈ సినిమాల్లో కోపం కనిపిస్తుంది గానీ దాని కారణం కనిపించదు.

1969 డిసెంబర్ 12, మిలాన్. ఊరి నడిబొడ్డున పియాత్సా ఫొంతానా అనే కూడలిలో వ్యవసాయ బ్యాంకు. సాయంత్రం నాలుగున్నర దాటింది. రైతులూ వ్యాపారులూ లావాదేవీలు ముగించుకుంటున్నారు. హాలు మధ్యలో వదిలేసిన సంచిలో బాంబు పేలింది. 17 మంది చనిపోయారు. పోలీసులు మొదట అరాచకవాదుల మీద, అంటే ఏ ప్రభుత్వమూ వద్దనేవాళ్ల మీద పడ్డారు. జుసెప్పె పినెల్లి అనే రైల్వే కార్మికుణ్ణి విచారణకు పట్టుకెళ్లారు. మూడు రోజుల తర్వాత అతను పోలీసు కార్యాలయం నాలుగో అంతస్తు కిటికీలోంచి పడి చనిపోయాడు. ఆ దర్యాప్తులో ఉన్న పోలీసు అధికారి లుయీజీ కలబ్రేసీని 1972 మే 17న ఇంటి ముందే కాల్చి చంపారు. బాంబు వెనక ఉన్నది నయా ఫాసిస్టు ముఠా అని తర్వాత తేలింది. ప్రభుత్వ గూఢచారి విభాగాల్లో కొందరు దర్యాప్తును కావాలనే పక్కదారి పట్టించారనీ బయటపడింది.

అంతటితో ఆగలేదు. 1974 మే 28న బ్రెషా పట్టణంలో ఫాసిజానికి వ్యతిరేకంగా సభ జరుగుతుండగా బాంబు, 8 మంది మృతి. అదే ఆగస్టులో 'ఇతాలికుస్' రైల్లో బాంబు, 12 మంది. ఇంకోపక్క రెడ్ బ్రిగేడ్స్ అనే అతివాద వామపక్ష దళం. వాళ్లు 1978 మార్చి 16న మాజీ ప్రధాని ఆల్దో మోరోను రోమ్ నడివీధిలో అపహరించారు, ఐదుగురు అంగరక్షకుల్ని చంపి. మే 9న ఆయన మృతదేహం ఒక కారు డిక్కీలో దొరికింది. 1980 ఆగస్టు 2న బొలోన్యా రైల్వేస్టేషన్‌లో బాంబు, 85 మంది.

ఇవి రాజకీయ హింస. దానికి పక్కనే మామూలు నేరం కూడా రూపం మార్చుకుంది. బ్యాంకు దోపిడీలు, డబ్బున్నవాళ్ల పిల్లల కిడ్నాపులు. 1973లో రోమ్‌లో అమెరికన్ చమురు కోటీశ్వరుడు గెట్టీ మనవణ్ణి ఎత్తుకుపోయి, డబ్బు ఆలస్యమైందని చెవి కోసి పత్రికకు పంపారు. ఇలాంటి వార్తలు చదువుకుని నిద్రపోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఈ కాలాన్ని ఇప్పుడు 'ఆన్ని ది పియోంబో' అంటారు, అంటే సీసపు సంవత్సరాలు. సీసమంటే తూటా. ఆ పేరు స్థిరపడింది 1981లో, ఒక జర్మన్ సినిమాకు ఇటలీలో పెట్టిన పేరు నుంచి. ఈ సంగతి నాకు ముఖ్యమనిపిస్తుంది. ఆ ఏళ్లలో బతికినవాళ్లకు తాము బతుకుతున్న కాలానికి పేరు లేదు, మొదలూ చివరా తెలియవు. పోలీసు సినిమాలు తీసినవాళ్లూ చూసినవాళ్లూ ఆ చీకట్లోనే ఉన్నారు.

## పేర్లే పత్రిక హెడ్డింగులు

ఈ సినిమాల పేర్లు వరసగా చదివితే చాలు, మనుషులు దేనికి ఉడికిపోతున్నారో తెలుస్తుంది. 'పోలీసులు ధన్యవాదాలు చెబుతున్నారు' (1972). 'పోలీసులు నేరం మోపుతారు, చట్టం వదిలేస్తుంది' (1973). 'మిలాన్ ద్వేషిస్తోంది: పోలీసులు కాల్చకూడదట' (1974). 'పోలీసుల చేతులు కట్టేశారు' (1975). 'పోలీసుల ఆరోపణ: రహస్య విభాగం చంపుతోంది' (1975). ఊరి పేరుతో వచ్చినవి ఇంకో వరస: 'హింసాత్మక రోమ్', 'హింసాత్మక నేపుల్స్'.

ఈ పేర్లలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడ్డారు, పోలీసు ఒకవైపు, చట్టం ఒకవైపు. ఇటలీలో ప్రాసిక్యూటర్లు కూడా న్యాయవ్యవస్థలో భాగమే. దర్యాప్తు వాళ్ల కనుసన్నల్లో నడుస్తుంది. అందుకే ఈ సినిమాల్లో 'కొమ్మిస్సారియో' అనే పోలీసు అధికారికీ 'మజిస్త్రాతో' అనే న్యాయాధికారికీ మధ్య గొడవ లేని కథ అరుదు. ఒకాయన "వాడే హంతకుడు" అంటాడు, ఇంకొకాయన "సాక్ష్యం తెచ్చి మాట్లాడు" అంటాడు. దొంగ ఆ సందులోంచి నవ్వుతూ బయటికి నడుస్తాడు. హాల్లో జనం పళ్లు కొరుకుతారు.

## ఒక సినిమాను విప్పి చూస్తే

'లా పొలిత్సియా రింగ్రాత్సియా' (పోలీసులు ధన్యవాదాలు చెబుతున్నారు) ఈ వరసకు మూలం అని చాలామంది ఒప్పుకుంటారు. తీసింది స్తేనో. ఆయన పేరున్న హాస్య చిత్రాల దర్శకుడు. ఈ సినిమాకు మాత్రం ఆ పేరు పక్కనబెట్టి, స్తెఫానో వంత్సీనా అని అసలు పేరు వేసుకున్నాడు. (కథ చివరిదాకా చెబుతున్నాను. చూడబోయేవాళ్లు తర్వాతి భాగానికి వెళ్లొచ్చు.)

రోమ్‌లో ఒక దోపిడీ, అందులో హత్యలు. బెర్తోనె అనే అధికారి నేరస్థుల వెంటపడతాడు. చట్టం తనను ఎలా అడ్డుకుంటోందో చూపిస్తానని పత్రికలవాళ్లను బస్సెక్కించి రాత్రిపూట ఊరంతా తిప్పుతాడు. ఇక్కడివరకు చూస్తే ఇది "పోలీసుకు స్వేచ్ఛ ఇవ్వండి" అనే సినిమాలా ఉంటుంది. తర్వాత, విడుదలైన నేరస్థులూ పోలీసులకు దొరకనివాళ్లూ ఒక్కొక్కరే శవాలై తేలడం మొదలవుతుంది. ఎవరో రహస్యంగా ఊరు 'శుభ్రం' చేస్తున్నారు. జనానికి అది బాగానే ఉంది.

బెర్తోనె తవ్వుకుంటూ పోతే దాని వెనక తన పాత పై అధికారే ఉన్నాడు. నేరస్థుల్ని చంపడం పైకి కనిపించే పని మాత్రమే, లోపల ఉన్నది ప్రజాస్వామ్యాన్ని పడగొట్టే ఆలోచన. మొదట చట్టాన్ని తిట్టిన బెర్తోనె ఇప్పుడు ఆ చట్టం కోసమే నిలబడాల్సి వస్తుంది. నిలబడతాడు, చచ్చిపోతాడు. 1970 డిసెంబర్‌లో ఇటలీలో నిజంగానే ఒక కుట్ర జరిగింది. బొర్గేసె అనే పాత ఫాసిస్టు కమాండర్ ప్రభుత్వాన్ని కూలదోయబోయి ఆఖరి క్షణంలో వెనక్కి తగ్గాడు. అది జనానికి తెలిసిన ఏడాదికే ఈ సినిమా హాళ్లలోకి వచ్చింది.

గంటన్నరలో ప్రేక్షకుడి కోపాన్ని రెచ్చగొట్టి, ఆ కోపం ఎవరికి పనికొస్తుందో ఆ ప్రేక్షకుడికే చూపించిన సినిమా ఇది. తర్వాత వచ్చినవాటిలో చాలా సినిమాలు మొదటి సగాన్ని తీసుకున్నాయి గానీ రెండో సగాన్ని వదిలేశాయి.

## ఇవి ఫాసిస్టు సినిమాలా?

ఆ రోజుల్లో వామపక్ష విమర్శకులు ఆ మాటే అన్నారు. వాళ్ల వాదనలో బలం ఉంది. 'మిలాన్ ద్వేషిస్తోంది' చివర్లో, చట్టం వదిలేసిన హంతకుణ్ణి పోలీసు అధికారి చెత్తకుప్ప దగ్గర తనే కాల్చేస్తాడు. 'హింసాత్మక రోమ్'లో ఉద్యోగం పోయిన కొమ్మిస్సారియో బెత్తి సొంత న్యాయం చేసే ప్రైవేటు దళంలో చేరతాడు. మౌరీత్సియో మెర్లి ఆ వేషం వేశాడు, ఎర్రబడ్డ ముఖం, గుబురు మీసం, మాట్లాడేలోపే లేచే చెయ్యి. అతను చెంపదెబ్బ కొడితే జనం ఈలలు వేశారంటే, అది దేనికి మద్దతో చెప్పాలా అని విమర్శకుల ప్రశ్న. హాలీవుడ్‌లో 1971లో వచ్చిన 'డర్టీ హ్యారీ' నీడ వీటి మీద ఉందన్నదీ నిజమే.

ఎదుటి పక్షం మాటలూ వినాలి. ఈ సినిమాల్లో పోలీసు గెలవడం తక్కువ. గెలిచినా అతని కూతురో, స్నేహితుడో చనిపోయి ఉంటారు. విలన్‌గా తేలేది తరచుగా ఫ్యాక్టరీ యజమాని, మంత్రిత్వ శాఖలో పెద్దమనిషి, గూఢచారి విభాగపు అధికారి. మురికివాడ కుర్రాడు చంపుతాడు గానీ చంపించేది పై అంతస్తువాడు. రాజ్యం మీద ఇంత అపనమ్మకం ఉన్న సినిమాలను రాజ్యాన్ని పూజించే సినిమాలనడం ఎలా కుదురుతుందని వీళ్ల వాదన.

ఫెర్నాందో ది లేయో తీసిన 'మిలానో కాలిబ్రో నోవె' (1972) ఈ గొడవను సినిమాలోకే తెచ్చింది. అందులో ఇద్దరు పోలీసు అధికారులు ఒకే గదిలో కూర్చుని వాదించుకుంటారు. ఒకాయనకు నేరమంటే లాఠీతో తేల్చాల్సిన సంగతి. రెండో ఆయన, మెర్కూరి, పేదవాడి దొంగతనాన్ని వేటాడే మనం డబ్బును దేశం దాటించే ధనవంతుణ్ణి ఎందుకు ముట్టుకోమని అడుగుతాడు. మెర్కూరికి బదిలీ అవుతుంది. కథకు ఆ సన్నివేశాలతో పెద్దగా పనిలేదు, కథనం ఆగుతుంది కూడా. అయినా ఆ ఆగడమే నాకు ఇష్టం. ఊళ్లో ప్రతి టీబల్ల దగ్గరా నడుస్తున్న వాదనను దర్శకుడు తుపాకుల మధ్యకు తెచ్చి కూర్చోబెట్టాడు.

జనం మనసు ఎటు ఉందో తెలిపే గుర్తు ఒకటుంది. 1975 మేలో పోలీసులకు కాల్పుల విషయంలో ఎక్కువ వెసులుబాటు ఇస్తూ 'రేయాలె చట్టం' వచ్చింది. దాన్ని రద్దు చేయాలా అని 1978 జూన్‌లో ప్రజాభిప్రాయం అడిగితే, ఓటేసినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది ఉంచమనే అన్నారు. ఆ ఓటేసినవాళ్లందరూ ఫాసిస్టులు కారు. భయపడ్డ మనుషులు. పోలీసు సినిమాలు ఆ భయానికి అద్దం పట్టాయా, దాన్ని ఎగదోశాయా అంటే, నేను చూసినంతలో రెండూ చేశాయి, చాలాసార్లు ఒకే సినిమాలో.

## ఎలా తీశారు: పాయ, హాలు, గొంతు

ఇటాలియన్ నిర్మాతలకు 'ఫిలోనె' అనే పద్ధతి ఉండేది. గనిలో లోహం దొరికే పొర లాంటిదని అర్థం. ఒక సినిమా ఆడిందంటే ఆ పొర అయిపోయేదాకా అందరూ అక్కడే తవ్వుతారు. 1950ల చివర పురాణ వీరుల సినిమాలు, 1960ల నడుమ నుంచి కౌబాయ్ సినిమాలు, అవి తగ్గుతుండగా జాల్లో, పోలీసు సినిమాలు. దర్శకులూ స్టంట్ వాళ్లూ చాలావరకు వాళ్లే. గుర్రం దిగి కారెక్కారు. ఆ కౌబాయ్ పాయ మన దాకా కూడా వచ్చింది: కృష్ణ హీరోగా 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' ఆ ఇటాలియన్ సినిమాల ఊపులో పుట్టిందే.

ఆ దేశంలో హాళ్లకు తరగతులుండేవి. కొత్త సినిమా ముందు పెద్ద ఊళ్ల మొదటి తరగతి హాళ్లలో, కొన్ని నెలలకు చిన్న హాళ్లలో, చివరికి పల్లెల్లో ఆడేది. సినిమాలు మారిపోతూ ఉంటాయి గనుక సరుకు ఆగకుండా రావాలి. త్వరగా, చవగ్గా తీయాలి.

సెట్లో మాటలు రికార్డు చేసేవాళ్లు కాదు. ఒక్కో నటుడు తన భాషలో మాట్లాడేవాడు, తర్వాత అందరికీ డబ్బింగ్. అందుకే ఒకే సినిమాలో ఇటాలియన్, అమెరికన్, ఫ్రెంచ్, జర్మన్ నటులు కలిసి కనిపిస్తారు. డబ్బింగ్ థియేటర్లో పూర్తయ్యే సినిమా మనకేం కొత్త కాదు కాబట్టి ఇది మనకు పాశ్చాత్యులకన్నా తేలిగ్గా అర్థమవుతుంది. క్యూబాలో పుట్టిన తొమాస్ మిలియాన్ రోమ్ బస్తీ మనిషిగా ఇటలీ ఇంటింటికీ తెలిసిపోయాడు. ఆ బస్తీ యాస మాత్రం ఫెర్రూచియో అమెందోలాది. రాబర్ట్ డి నీరో, అల్ పచీనో సినిమాలు ఇటాలియన్‌లో మాట్లాడింది కూడా ఆ గొంతుతోనే. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది, ప్రేమ ఇద్దరికీ.

## కళ్లకూ చెవులకూ ఏం దొరుకుతుంది

హింస, రాజకీయం పక్కనబెట్టి చూసినా ఈ సినిమాల్లో ఇప్పటి సినిమాకు దొరకని బరువొకటి ఉంది. కారు నిజం, వీధి నిజం, వేగం నిజం. అనుమతులు లేకుండానే రద్దీ వీధుల్లో ఛేజులు తీశామని ఆనాటి దర్శకులూ నటులూ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. అది మెచ్చుకోదగ్గ పని కాదు. కానీ పోలీసుల ఆల్ఫా రోమియో జూలియా కారు మలుపు తిరుగుతుంటే పక్కన ఉలిక్కిపడి వెనక్కి దూకే మనిషి నటిస్తున్నట్టు ఉండడు. ఎన్త్సో కాస్తెల్లారి 1973లో జెనోవా రేవుపట్నంలో ఫ్రాంకో నీరోతో తీసిన ఛేజు చూస్తే, ఆ ఇరుకు ఏటవాలు వీధులే కథ చెబుతున్నట్టు ఉంటాయి.

ఇలా తీయడంవల్ల అనుకోకుండా ఒక చరిత్ర మిగిలింది. 1970ల మిలాన్, జెనోవా, నేపుల్స్ ఎలా ఉండేవో, గోడల మీద ఏ నినాదాలుండేవో, బార్లో కాఫీ ఎలా పోసేవారో ఇక్కడ ఉంది. పొగమంచులో ఫ్యాక్టరీ గోడలు, దక్షిణాది నుంచి వలస వచ్చినవాళ్లు ఉండే కొత్త అపార్ట్‌మెంట్ల వరసలు. టూరిస్టు పోస్టుకార్డుల్లో ఈ ఇటలీ ఉండదు.

ఇక ముఖాలు. 'మిలానో కాలిబ్రో నోవె' హీరో గస్తోనె మోస్కిన్ అప్పటికి హాస్య పాత్రలకు పేరు. బట్టతల, బండరాయి లాంటి మొహం. జైలునుంచి వచ్చిన ఊగో పియాత్సాగా సినిమాలో సగంసేపు దెబ్బలు తింటూ మౌనంగా ఉంటాడు. మూడు లక్షల డాలర్లు అతనే కొట్టేశాడని ముఠా నమ్మకం, పోలీసుల నమ్మకం. అతను కాదంటాడు. ఆ మొహం చూసి ఏమీ చెప్పలేం. అందం కోసం కాకుండా చదవడం కోసం ఎంచుకున్న ముఖమది.

సంగీతం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఈ సినిమాకు అర్జెంటీనాలో పుట్టిన లుయీస్ బకాలోవ్, నేపుల్స్ రాక్ బృందం ఒసాన్నా కలిసి పనిచేశారు. వయొలిన్ల బరువు మీద ఎలక్ట్రిక్ గిటారు విరుచుకుపడుతుంది. ఫ్రాంకో మికలీత్సి, స్తెల్వియో చిప్రియానీ, దె అంజెలిస్ సోదరుల బాణీలు సినిమా మర్చిపోయినా మనసులో తిరుగుతాయి. సినిమా చూడకుండా ఆ రికార్డులు మాత్రమే దాచుకునే అభిమానులున్నారు.

## ఇబ్బంది పెట్టే సంగతి

ఈ సినిమాలను ప్రేమించేవాళ్లు దాటవేసే విషయం ఒకటుంది, ఆడవాళ్ల మీద చూపించిన హింస. జాల్లోలో చనిపోయేది ఎక్కువగా యువతులే. ఆ చావును కెమెరా అందంగా, నింపాదిగా చూస్తుంది. పోలీసు సినిమాల్లో అత్యాచార సన్నివేశాలు చాలాసార్లు కథ అవసరాన్ని మించి సాగుతాయి. కొందరు "అప్పటి సమాజపు క్రూరత్వాన్ని చూపించారు" అంటారు. కొన్ని చోట్ల అది నిజం. మరికొన్ని చోట్ల అది టికెట్లు అమ్ముకోవడమే, ఇంకో పేరు పెట్టలేం.

అధ్యయనం చేసినవాళ్లలో ఇంకో చూపు కూడా ఉంది. జాల్లోలో హంతకురాలు ఆడమనిషి కావడం, నిజాన్ని పట్టుకునేది ఆడమనిషి కావడం అరుదేమీ కాదు. దల్లామానో సినిమాలో కేసు నడిపే న్యాయాధికారి స్త్రీ, జొవాన్నా రల్లి ఆ పాత్ర వేసింది. 1970 డిసెంబర్‌లో ఇటలీకి విడాకుల చట్టం వచ్చింది, 1974లో దాన్ని రద్దు చేయబోతే జనం ఓటేసి నిలబెట్టుకున్నారు. ఇంట్లో మగవాడి అధికారం కదులుతున్న కాలం. ఆ కాలపు మగవాళ్ల కంగారు ఈ కత్తుల్లో ఉందని ఈ చూపు. నాకిది సబబుగానే తోస్తుంది. అయినా కొన్ని సన్నివేశాలు నేను ఇప్పటికీ ముందుకు జరిపేస్తాను.

## ఆగిపోవడం, తిరిగి రావడం

1976లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో స్థానిక ప్రైవేటు టీవీలకు దారి తెరుచుకుంది. రోజంతా సినిమాలు ఇంట్లోనే, ఉచితంగా. ఇటలీలో 1955లో సుమారు 82 కోట్ల సినిమా టికెట్లు అమ్ముడుపోయాయి. 1975 నాటికి 51 కోట్లు, 1980కి 24 కోట్లు. చిన్న హాళ్లు మూతపడ్డాయి, వాటితోపాటు వాటికోసమే తీసిన సినిమాలూ. మిలియాన్ పోలీసు పాత్రలు 1976 నుంచి హాస్యం వైపు మళ్లాయి. మోరో హత్య తర్వాత వీధి కాల్పుల్ని వినోదంగా చూడటం కూడా కష్టమై ఉంటుంది.

పాతికేళ్లపాటు ఇవి అర్ధరాత్రి టీవీకీ అరిగిపోయిన వీడియో క్యాసెట్లకూ పరిమితమయ్యాయి. 2004లో వెనిస్ చలనచిత్రోత్సవం ఇటాలియన్ సినిమా 'రహస్య చరిత్ర' పేరుతో వీటిని పెద్ద తెర మీద మళ్లీ వేసింది. క్వెంటిన్ టరంటినో, జో డాంటె దానికి పెద్దలుగా నిలబడ్డారు. టరంటినో ది లేయో పేరు ఎన్నోసార్లు గౌరవంగా తలుచుకున్నాడు. ది లేయో ఆ ఉత్సవాన్ని చూడలేదు, అంతకు కొన్ని నెలల ముందే, 2003 డిసెంబర్‌లో చనిపోయాడు.

## రెండు సంచులు

బ్రెషా బాంబు కేసులో శిక్షలు ఖాయమైంది 2017లో, పేలుడు జరిగిన 43 ఏళ్లకు. పియాత్సా ఫొంతానా కేసులో 2005లో అత్యున్నత న్యాయస్థానం ఒక ముఠాను బాధ్యులుగా గుర్తించింది. కానీ వాళ్లు అంతకుముందే నిర్దోషులుగా తేలి ఉన్నందున మళ్లీ విచారించే వీల్లేకపోయింది. ఆ 17 మంది చావుకు ఎవరూ జైల్లో లేరు.

'మిలానో కాలిబ్రో నోవె' మొదటి నిమిషాలు మిలాన్ కెథెడ్రల్ ముందు కూడలిలో మొదలవుతాయి. పావురాలు, జనం, మామూలు ఉదయం. ఒక మనిషి చేతిలోంచి ఇంకో మనిషి చేతిలోకి ఒక పొట్లం మారుతుంది. అక్కణ్ణుంచి ఇంకొకరికి, ఇంకొకరికి. చివరికి విప్పితే డబ్బుండాల్సిన చోట తెల్లకాగితాలు. పొట్లం మోసినవాళ్లను ముఠా కట్టేసి డైనమైట్ పెట్టి పేల్చేస్తుంది. అసలు డబ్బు ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

ఆ కెథెడ్రల్ వెనక్కి నాలుగడుగులు వేస్తే పియాత్సా ఫొంతానా వస్తుంది. ఆ సినిమాను 1972లో మిలాన్ హాళ్లలో చూసినవాళ్లకు ఆ దారి తెలుసు.